సూర్యకాంతి - ఆరోగ్యము : ఒక చారిత్రక పరిశీలనము



ఐశ్వర్యమునకు ఒక దేవుని, జ్ఞానమునకు ఒక దేవుని, ఆరోగ్యమునకు భాస్కరుని అర్థింపవలెనని మన పెద్దలు చెప్పుదురు. మనలో ఈ మాట ఎరుగనివారు లేరు. మాఘ శుద్ధ సప్తమినాడు శిరస్సుపై జిల్లేడాకులు పెట్టుకొని స్నానము చేయుట, వాకిట పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడుకాయల రథమున ఆదిత్యుని నిలిపి, చిక్కుడాకులో పరమాన్నము నివేదించుట మన ఇండ్లలో నేటికిని జరుగుచున్నవి. శ్రీకాకుళము చెంత అరసవిల్లిలో సంవత్సరమునకు రెండుమారులు, మార్చి, అక్టోబరు మాసములలో, బాలభానుని కిరణములు స్వామి పాదములను తాకు దృశ్యమును చూచుటకు వేలాది భక్తులు తెల్లవారకముందే నిలిచియుందురు. చర్మవ్యాధులు, నేత్రవ్యాధులు గలవారు అచ్చట మ్రొక్కుకొనుట తరతరముల ఆచారము.

భక్తికి ప్రమాణము భక్తియే. కాని సూర్యుడు ఆరోగ్యమునిచ్చునను మాటను దేహమునకు సంబంధించిన మాటగా తీసికొన్నపుడు, దానిని పరీక్షించు హక్కు, బాధ్యత మనకు కలవు. ఎండ మేలు చేయునని మనుష్యజాతి ఎట్లు తెలిసికొన్నది? ఎన్నిమారులు తెలిసికొని మరచిపోయినది? నేడు మనమేమి చేయవలెను? ఈ మూడు ప్రశ్నలే నేటి ప్రసంగమునకు విషయము.

ప్రాచీనుల ప్రార్థన

ఋగ్వేదము ప్రథమ మండలములోని ఒక సూర్యసూక్తమున ఋషి చేసిన ప్రార్థన మనలను ఆశ్చర్యపరచును. ఉదయించు సూర్యుని ఉద్దేశించి ఆయన, తన హృదయరోగమును, దేహమునకు పట్టిన పసుపు వర్ణమును తొలగింపుమని వేడుకొనెను. ఆ పసుపును చిలుకలకును ఇతర పక్షులకును అప్పగింతుమని పలికెను. ఆ పసుపు వర్ణమే మనము కామెర్లని పిలుచునదియని పెద్దలు వ్యాఖ్యానించిరి. అథర్వవేదములోను ఇట్టి మంత్రమే కలదు.

శ్రీకృష్ణుని కుమారుడగు సాంబుడు శాపవశమున కుష్ఠరోగమునకు గురియై, సూర్యుని ఆరాధించి స్వస్థుడయ్యెనని పురాణములు వచించుచున్నవి. మూలస్థానమను పేర ప్రసిద్ధమైన ముల్తానులోని సూర్యాలయమును ఈ కథతో జోడించి చెప్పుదురు. 7వ శతాబ్దిలో చీనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ ఆ ఆలయ వైభవమును వర్ణించెను. 13వ శతాబ్దిలో గాంగరాజైన నరసింహదేవుడు నిర్మించిన కోణార్క క్షేత్రమునకును సాంబుని గాథయే స్థలపురాణము. హర్షచక్రవర్తి కాలమునాటి మయూరకవి సూర్యశతకము రచించి కుష్ఠు బాధనుండి విముక్తుడయ్యెనని ఐతిహ్యము.

వీనిని చదివి, ఆధునికులు నేడు కనుగొన్నదంతయు మన ఋషులకు ఏనాడో తెలియునని చెప్పుట కొందరికి అలవాటు. అట్లు చెప్పుట ఋషులకును న్యాయము కాదు, ఆధునికులకును న్యాయము కాదు. ఋషి ప్రయోగశాలలో కూర్చుండి ఆ మంత్రమును పలుకలేదు. ఆయన వెలుగును చూచెను, రోగిని చూచెను, రెంటిని ప్రార్థనలో కలిపెను. ఆ చూపు గొప్పది. దానిని నిరూపణముగా మార్చుటకు మరికొన్ని వేల సంవత్సరములు, అనేక దేశముల మనుష్యుల శ్రమ, ఎందరో పసిబిడ్డల కన్నీరు అవసరమైనవి.

పొగ కమ్మిన పట్టణములు

17వ శతాబ్దిలో ఇంగ్లండు దేశమున పసిబిడ్డలకు ఒక వింత వ్యాధి ప్రబలెను. కాళ్లు విల్లువలె వంగిపోవును, మణికట్టు వాచును, రొమ్ముటెముకలపై పూసలవంటి ఉబ్బులు లేచును. రికెట్స్ అని దానికి పేరు. 1645లో డేనియల్ విస్లర్ అను యువకుడు హాలెండులోని లైడెన్ విశ్వవిద్యాలయమున ఈ వ్యాధిపై వ్యాసము సమర్పించెను. 1650లో ఫ్రాన్సిస్ గ్లిసన్ అను వైద్యుడు దీనిని గూర్చి పెద్ద గ్రంథమే వ్రాసెను. లక్షణములన్నియు తెలిసినవి. కారణము మాత్రము తెలియలేదు.

తరువాత యంత్రయుగము వచ్చెను. బొగ్గు పొగ ఆకాశమును కప్పెను. ఇరుకు వీధులలో ఎత్తైన ఇండ్ల నడుమ సూర్యుడు కనబడుటయే అరుదయ్యెను. కార్మికుల బిడ్డలలో రికెట్స్ సర్వసాధారణమయ్యెను. ఆ బిడ్డలలో ఆడపిల్లలు పెరిగి గర్భవతులైనప్పుడు కటి ఎముకలు వంకరపోయి, ప్రసవము కాక తల్లియు బిడ్డయు మరణించిన సందర్భములు అనేకము. కనుక ఇది కాళ్ల వంకరతో ముగియు వ్యాధి కాదు, తరువాతి తరమును గూడ కబళించు వ్యాధి.

19వ శతాబ్ది తొలినాళ్లలో పోలెండు వైద్యుడు షినియాడెట్‌స్కీ, పల్లెటూరి బిడ్డలకంటె పట్టణపు బిడ్డలకు ఈ వ్యాధి అధికముగా వచ్చుటను గమనించి, బిడ్డలను ఎండకు తీసికొని పొమ్మని తల్లులకు ఉపదేశించెను. ఎవరును పట్టించుకొనలేదు. ఆ శతాబ్ది చివరలో థియోబాల్డ్ పామ్ అను వైద్యుడు జపాను దేశమున చాలకాలము పనిచేసి ఇంగ్లండునకు తిరిగివచ్చెను. జపానులో తనకు కనబడని వ్యాధి ఇంగ్లండు వీధులలో అడుగడుగున కనబడుటచే ఆయన మనస్సు కలతపడెను. చీనా, భారతదేశము మొదలగు చోట్ల పనిచేయు వైద్యులకు లేఖలు వ్రాసి వివరములు సేకరించి, ఎండ లేకుండుటయే ఈ వ్యాధికి కారణమని 1890లో ప్రకటించెను. ఖర్చులేని ఈ మందును ఎవ్వరును వెంటనే స్వీకరింపలేదు. ఉచితముగా లభించు వస్తువునకు విలువ కట్టుట మానవునకు కష్టము.

బెర్లిను దీపము, వియన్నా బిడ్డలు

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఆకలితో అలమటించు బెర్లిను నగరమున 1919లో కర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు రికెట్స్ సోకిన బిడ్డలపై పాదరస దీపమునుండి వచ్చు అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసెను. కొన్ని వారములలో వారి ఎముకలలో సున్నము చేరి గట్టిపడుట ఎక్స్‌రే చిత్రములలో కనబడెను. అంతకంటె విశేషము, ఒక చేతిపై మాత్రమే కాంతి పడినను రెండవ చేయి కూడ బాగుపడెను. అనగా కాంతి ఎముకను నేరుగా తాకి బాగుచేయుటలేదు. చర్మములో ఏదియో ఒక పదార్థము పుట్టి, రక్తమున ప్రవహించి, దేహమంతటికి మేలుచేయుచున్నదని తేటతెల్లమయ్యెను.

అదే కాలమున ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెల్లన్‌బీ, లోపలనే పెంచిన కుక్కపిల్లలకు రికెట్స్ వచ్చుటయు, కాడ్ చేప కాలేయపు నూనెతో అది నయమగుటయు నిరూపించెను. ఎండయా? నూనెయా? ఏది నిజము? ఈ వివాదమును తీర్చినది హారియట్ చిక్ అను మహిళ నాయకత్వమున వియన్నా శిశువైద్యశాలలో 1919 - 1922 నడుమ జరిగిన పరిశోధన. రెండును నిజమేయని ఆమె బృందము తేల్చెను. నూనెలో నున్నదియు, ఎండ మన చర్మములో పుట్టించునదియు ఒకే కార్యము చేయును. 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు మెక్‌కాలమ్ ఆ పదార్థమును వేరుగా గుర్తించెను. అదియే నేడు చిన్నపిల్లవానికి సైతము తెలిసిన డి విటమిను. స్టెరాల్ అను పదార్థములకును విటమినులకును గల సంబంధమును శోధించిన జర్మనీ శాస్త్రజ్ఞుడు విండాస్‌కు 1928లో నోబెల్ బహుమానము లభించెను.

విల్లువలె వంగిన ఆ చిన్నికాళ్లకు కారణము వెదకుటకు సుమారు 270 సంవత్సరములు పట్టినవి. సూర్యుడు మాత్రము ఆ 270 సంవత్సరములును ప్రతిదినము ఉదయించుచునే యుండెను.

క్షయరోగము - ఆరోగ్యవరము

సూర్యకాంతి చరిత్రలో రెండవ అధ్యాయము సూక్ష్మక్రిములది. 1877లో డౌన్స్, బ్లంట్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు ఎండలో ఉంచిన ద్రావణమున క్రిములు వృద్ధిచెందకుండుటను కనుగొనిరి. క్షయక్రిమిని 1882లో కనుగొన్న రాబర్ట్ కోక్, ఎండ ఆ క్రిమిని చంపునని 1890లో వెల్లడించెను. డెన్మార్కు వైద్యుడు నీల్స్ ఫిన్‌సెన్ చర్మమునకు వచ్చు క్షయవ్యాధిని కేంద్రీకరించిన కాంతితో నయముచేసి, 1903లో నోబెల్ బహుమానమును పొందెను. ఆయన స్వయముగ దీర్ఘరోగి. చక్రముల కుర్చీలో కూర్చుండి ఇతరులకు వెలుగు పంచి, మరుసటి సంవత్సరమే, 43 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. అదే 1903లో స్విట్జర్లాండు పర్వతములపై లేసీన్ గ్రామమున రోలియే అను వైద్యుడు ఎముకల క్షయతో బాధపడు బిడ్డలకు సూర్యస్నాన చికిత్స ప్రారంభించెను.

ఈ గాలి, వెలుగుల వైద్యము మన తెలుగునేలకు కూడ వచ్చెను. రాయలసీమలో మదనపల్లె చెంత క్రైస్తవ మిషనరీ సంఘములు కలసి నెలకొల్పిన క్షయ శానిటోరియమునకు ఆరోగ్యవరము అని పేరుపెట్టిరి. 1915లో ఆ స్థలమున సేవలు మొదలయ్యెను. పొడిగాలి, ధారాళమైన వెలుతురు, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము నాటి చికిత్స. సుదూర ప్రాంతములనుండి రోగులు అచ్చటికి వచ్చిరి.

అయినను ఈ అధ్యాయము చివర ఒక వినయపాఠము కలదు. 1943లో స్ట్రెప్టోమైసిన్ అను ఔషధము కనుగొనబడెను. తరువాత మరికొన్ని మందులు వచ్చినవి. 1956లో మద్రాసులో ప్రారంభమై 1959లో ఫలితములు ప్రకటింపబడిన ప్రసిద్ధ పరిశోధనలో క్షయరోగులను రెండు వర్గములుగా చేసిరి. ఒక వర్గమును శానిటోరియమున, మరియొక వర్గమును ఇరుకైన తమ పేద ఇండ్లలోనే ఉంచి అవే మందులిచ్చిరి. మంచి గాలి, విశ్రాంతి, మంచి తిండి లేకున్నను, మందులు సక్రమముగా వాడిన ఇంటి రోగులు ఇంచుమించు సమానముగా కోలుకొనిరి. ప్రపంచమంతటను క్షయవైద్యము దీనివలన మారిపోయెను. కనుక ఎండ క్రిములను చంపుననుట నిజమే. కాని ఊపిరితిత్తులలో దాగిన క్రిమికి ఎండ మందు కాదు. దగ్గు రెండు వారములు దాటినచో సూర్యనమస్కారములతో కాలయాపన చేయక వైద్యుని చూడవలెను.

పసుపు పోగొట్టిన నర్సు

వేదఋషి ప్రార్థనను మరల జ్ఞప్తికి తెచ్చుకొందము. 1956లో ఇంగ్లండునందు రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో నెలలు నిండని శిశువుల విభాగమునకు సిస్టర్ వార్డ్ అను నర్సు పెద్దగా నుండెను. వేసవిదినములలో ఆమె ఆ శిశువులను ప్రాంగణమునకు తీసికొనివచ్చి కొంతసేపు ఎండలో ఉంచెడిది. ఒకనాడు వైద్యులు వచ్చినపుడు ఒక శిశువును విప్పి చూపెను. శిశువు దేహమంతయు తెల్లబడినది, దుప్పటి కప్పియున్న చోట మాత్రము పసుపురంగు అట్లే మిగిలియున్నది. ఆ చిన్న పరిశీలనమునుండి వైద్యులు ప్రయోగములు చేసి, 1958లో తమ ఫలితములను ప్రకటించిరి. నేడు ప్రతి ప్రసూతి ఆసుపత్రిలోను కామెర్ల శిశువును నీలికాంతి దీపముల క్రింద పరుండబెట్టుట అందరును చూచినదే. ఆ కాంతి రక్తములోని పసుపు పదార్థము రూపును మార్చి, దేహమునుండి సులభముగా వెడలిపోవునట్లు చేయును. నైజీరియాలో, హానికర కిరణములను వడగట్టు పొరల క్రింద శిశువులను ఎండలోనే ఉంచు పద్ధతి కూడ సఫలమైనట్లు 2015లో వెల్లడియయ్యెను.

ఇచట కూడ ఒక హెచ్చరిక అవసరము. పుట్టిన బిడ్డకు పసుపు ఎక్కువైనచో అది మెదడును దెబ్బతీయవచ్చును. కనుక ఇంటి వాకిట ఎండలో చూపి సరిపెట్టుకొనరాదు. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఎండలున్న దేశమున ఎముకల బలహీనత

ఇప్పుడు మన ఇంటికి వత్తము. ఎండకు కొదవలేని భరతఖండమున డి విటమిను లోపమేల? ఈ ప్రశ్నకు మొదటి సమాధానము స్త్రీల కన్నీటిలో లభించినది. కాశ్మీరమున పనిచేసిన కేథ్లిన్ వాన్ అను వైద్యురాలు 1928లో ఘోషాపద్ధతి మాతృత్వముపై చూపిన ప్రభావమును గూర్చి గ్రంథము ప్రచురించెను. పొలములలోను పడవలపైనను పనిచేయు పేద స్త్రీలు సులభముగా ప్రసవించుచుండగా, గోడల నడుమ బంధింపబడిన సంపన్న స్త్రీలు ఎముకలు మెత్తబడి ప్రసవవేదనలో ప్రాణములు కోల్పోవుటను ఆమె కన్నులార చూచెను. గౌరవమని తలచిన నాలుగు గోడలు ప్రాణాంతకములయ్యెను. ఏ మతమువారైనను స్త్రీని వెలుతురునుండి దాచుట ధర్మమని చెప్పుటకు ముందు ఈ చరిత్రను చదువవలెను.

1962లో బ్రిటనులోని గ్లాస్గో నగరమున, దక్షిణాసియానుండి వలసపోయిన కుటుంబముల పిల్లలలో రికెట్స్ కనబడెను. చర్మమునకు నలుపునిచ్చు మెలనిన్ అను పదార్థము మనలను తీవ్రమైన ఎండనుండి రక్షించును. కాని ఎండ తక్కువైన దేశమున అదే రక్షణ లోపమునకు కారణమగును. నేడు శీతల దేశములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

ఇక శ్రీనివాసుని పాదముల చెంతనున్న తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు పరీక్షలు జరిపిరి. 2007లో వారు ప్రకటించిన ఫలితములలో, పొలములలో పనిచేయు పల్లెవారికంటె పట్టణవాసులకు డి విటమిను తక్కువగా నుండెను. పల్లెవారిలో సైతము పెక్కుమందికి అది చాలినంత లేదు. ఆహారములో సున్నపు ధాతువు, అనగా కాల్షియము, చాలకుండుట దీనికి తోడయ్యెను. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు తినక ఎండను మాత్రమే నమ్ముకొనుట చాలదని దీని భావము.

అదే సంస్థ శాస్త్రజ్ఞుల మరియొక పరిశోధన మన అలవాటు ఆలోచనను సరిదిద్దుచున్నది. చర్మములో డి విటమిను పుట్టుటకు తిరుపతి ఎండలో అనుకూలమైన సమయము పగలు 11 గంటలనుండి 2 గంటల వరకని వారు తేల్చిరి. సూర్యోదయవేళ కిరణములు ఏటవాలుగా వాయుమండలమును దాటివచ్చును. అందుచే డి విటమినును పుట్టించు కిరణములు పైననే హరించిపోవును. అద్దపు కిటికీ కూడ వానిని అడ్డగించును. ప్రాతఃకాలపు అర్ఘ్యమువలన డి విటమిను లభించునని చెప్పుచుండుట వాడుకయైనది. అది సరికాదు.

అట్లైన ప్రాతఃసంధ్య వ్యర్థమా? కాదు. మన కంటి వెనుకపొరలో, చూపుతో నిమిత్తము లేకుండ కేవలము వెలుగును గుర్తించు ప్రత్యేక కణములు కలవని 2002లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ కణములు వెలుగును అందుకొని దేహములోని కాలచక్రమును సరిదిద్దును. ఉదయపు వెలుగులో తిరుగువానికి రాత్రి వేళకు నిద్ర వచ్చును. బ్రాహ్మీముహూర్తమున లేచి, ఆరుబయట నిలిచి సూర్యుని స్వాగతించు ఆచారము నిద్రకును మనస్సుకును మేలుచేయును. ఎముకల మేలు వేరొక గంటది.

మితమే ధర్మము

సూర్యుడు తపనుడు కూడ. 2015 మే మాసమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడగాలులకు రెండువేలమందికి పైగా బలియైరి. వారిలో పెక్కుమంది కూలి చేసికొను పేదలును వృద్ధులును. కనుక మధ్యాహ్నపు ఎండ మంచిదని విని వైశాఖమాసమున నడివీధిలో నిలుచుట అవివేకము. చలికాలమున చేతులు, కాళ్లు, వీపు తగులునట్లు కొద్ది నిమిషములు చాలు. ఎండాకాలమున అంతకంటె తక్కువ చాలు. చర్మము ఎఱ్ఱబారకముందే, తల తిరుగకముందే నీడకు చేరవలెను. మితిమీరిన ఎండ చర్మ క్యాన్సరునకు కారణమని అంతర్జాతీయ సంస్థ 1992లోనే నిర్ధారించినది. తెల్లని చర్మముగలవారికి ఆ అపాయము మరింత అధికము.

మరియొక ముఖ్యవిషయము. భక్తితోనైనను సూర్యబింబమును రెప్పవాల్చక చూడరాదు. కంటి వెనుకపొర కాలిపోవును. కంటికి నొప్పి తెలియదు కనుక నష్టము తరువాతనే బయటపడును. అర్ఘ్యము విడుచునపుడు జలధార గుండ చూచినను రక్షణ లేదు. దృష్టిని పాదముల వైపునకు త్రిప్పి నమస్కరించుటయే క్షేమము. స్వామిని హృదయమున దర్శించుటకు కనులు మూసికొన్నను లోపము లేదు.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది ఒక్కటే. వెలుగు మేలుచేయునని మన పూర్వులకు తెలియును. ఎట్లు, ఎంత, ఎప్పుడు మేలుచేయునో తెలిసికొనుటకు ఒక పోలెండు వైద్యుడు, ఒక డెన్మార్కు రోగి, ఒక ఆంగ్ల నర్సు, మన తిరుపతి శాస్త్రజ్ఞులు శ్రమించిరి. సూర్యునకు దేశభేదము లేదు, మతభేదము లేదు. ఆయనను గూర్చిన జ్ఞానమునకును ఉండరాదు.

ఇల్లు కట్టుకొనునపుడు వంటయింటికి వెలుతురు వచ్చునట్లు కట్టుకొనుడు. గర్భవతిని, బాలెంతను చీకటిగదిలో ఉంచకుడు. వృద్ధులగు తల్లిదండ్రులను చలికాలపు పగటివేళ కొంతసేపు అరుగుమీద కూర్చుండబెట్టుడు. బడిపిల్లలను ఆటస్థలమునకు పంపుడు. ఎముకలనొప్పి వదలనిచో రక్తపరీక్ష చేయించుకొని వైద్యుడు చెప్పిన మోతాదులోనే మందు పుచ్చుకొనుడు. డి విటమిను మాత్రలు అతిగా మింగుటయు విషమే.

ప్రత్యక్షదైవమగు శ్రీ సూర్యనారాయణమూర్తి మనకందరకును ఆయురారోగ్యములను, ఆ ఆరోగ్యమును కాపాడుకొను వివేకమును అనుగ్రహించుగాక!